సిరా చెంప

పొద్దున్నే లువాన్ చేసే మొదటి పని ఇనుప పలక కింద బొగ్గులు రాజెయ్యడం. పలక కాగాక, రాత్రి మంచులో పరిచి ఉంచిన ఆకుల్ని ఒక్కొక్కటే దాని మీద పరిచి గుడ్డ మూటతో గట్టిగా ఒక్క రుద్దు రుద్దుతాడు. ముడతలన్నీ పోయి ఆకు పెళ్ళికొడుకు పంచెలా నున్నగా వస్తుంది. ఓ క్షణం ఎక్కువుంచితే మాడుతుంది, తక్కువుంచితే ముడత చావదు. ఈ పనిలో లువాన్‌కు వంక పెట్టేవాడు ఆ ఊళ్ళో లేడు.

అవతలి గదిలో అతని భార్య సెన్ వెదురు చట్రం మీద ఆ ఆకుల్ని రెండు పొరలుగా పరిచి, ఎండకు తల మీద పెట్టుకునే గిడుగులు కుడుతుంది. పొరల మధ్యన, పల్చటి కాగితంలో లువాన్ కత్తిరించిచ్చిన పద్యం పెడుతుంది. గిడుగును ఊరికే చూస్తే ఏమీ కనబడదు. ఎండకు ఎత్తి పట్టుకుంటే లోపలి అక్షరాలు తేలతాయి. హ్యూ పట్నం చుట్టుపక్కల నది పొడుగునా ఇలాంటి పద్యం గిడుగులు చాలా ఊళ్ళల్లో కుడతారు. కాకపోతే ఆ ఊళ్ళల్లో గిడుగు తీస్తే దాని నీడ కూడా పోతుంది. లువాన్ వాళ్ళ ఊరు లా థుయ్‌లో పోదు.

లా థుయ్‌లో ఎండన పడి వచ్చిన మనిషి గిడుగు తీసి మేకుకు తగిలించినా, ఓ చరణం నీడ చెంప మీద అలాగే నిలిచిపోతుంది. ముఖం కడిగినా పోదు, చింతపండు పెట్టి రుద్దినా పోదు. పొద్దుగూకితే దానంతటదే పోతుంది. అందరికీ పడుతుందా అంటే, పడదు. కొందరికి చెమటకాయలు లేస్తాయి, కొందరికి లేవవు, ఇదీ అంతే. గిడుగులో పెట్టిన పద్యం ఒకటీ చెంప మీద పడింది ఒకటీ కావడమూ మామూలే. ఆ పద్యాలన్నీ రాసింది తిన్ వాన్ అవ్వ. ఎవరికేది చెప్పాలనిపిస్తే అది చెబుతుంది. ఆమె పోయి రెండొందల ఏళ్ళ పైమాటే అయినా నోరు మాత్రం తగ్గలేదు.

రేవులో పడవ నడిపే మువోయ్ వదినకు పొద్దస్తమానం ఎక్కినవాళ్ళ చెంపలు చదవడమే కాలక్షేపం.

"ఏమే పిల్లా, ఇలా తిరుగు. 'ఉప్పు వంకాయ నమిలినట్టు నమిలింది అత్త నా పేరు.' అబ్బో! ఇవాళ ఇంట్లో అయ్యిందన్నమాట!"

"పెద్దగా చదవకు పిన్నీ! అదుగో మా అత్త అక్కడే కూర్చుంది."

"కూర్చోనీ. ఆవిడ చెంప మీద ఏముందో అదీ చదువుతా."

పడవంతా గొల్లుమంటుంది. అత్తగారు మాత్రం గిడుగు కిందికి దించుకుంటుంది.

పడిన చరణాన్ని పొద్దుగూకేలోగా పాటించాలనేది ఊరి ఆచారం. చెల్లెలి మీద బెంగ అని పడితే చెల్లెలి ఇంటికి వెళ్ళొస్తారు. క్షమించమని పడితే, పళ్ళు పటపట కొరుక్కుంటూనైనా వెళ్ళి క్షమించొస్తారు. పెళ్ళికాని పిల్లకూ పిల్లాడికీ ఒకే రోజున ఒకే చరణం పడిందా, ఇక మాట్లాడేందుకేం లేదు. పెద్దవాళ్ళు వక్కలూ తమలపాకులూ పళ్ళెంలో సర్దుకుని బయల్దేరతారు. అలా కలిసిన జంటల్లోకెల్లా పేరున్న జంట లువాన్, సెన్.

అసలు సంగతి ఇక్కడే ఉంది.

లువాన్ చెంప మీద జన్మలో ఒక్క చరణం పడలేదు.

కుర్రతనంలో ఒకరోజు రేవు మెట్ల మీద సెన్ ఎదురైంది. చెంప మీద 'నదికి రెండు గట్లు, ఎటు నిలబడ్డా అవతలి గట్టే మన ఊరు' అని ఉంది. ఆ పిల్ల ఆ చరణాన్ని మోసుకెళ్తున్న తీరు చూడాలి, నిండు కడవ ఎత్తుకున్నట్టు, ఎక్కడ తొణుకుతుందోనన్నట్టు నడుస్తోంది. లువాన్ ఇంటికి పరిగెత్తాడు. తండ్రి పద్యాలు కత్తిరించేవాడు కాబట్టి ఇంట్లో సిరాకీ కుంచెకీ లోటు లేదు. నీడ రంగు వచ్చేలా సిరాలో నీళ్ళు కలిపి, అద్దంలో చూసుకుంటూ, అవే అక్షరాలు అదే చెంప మీద దింపాడు. గిడుగు పెట్టుకుని మళ్ళీ రేవుకొచ్చి, సెన్ ఎదురుగా తీరిగ్గా గిడుగు తీశాడు.

మువోయ్ వదిన అప్పుడు కొత్త కోడలు. పడవలోంచే కేక పెట్టింది, "ఓరి నాయనో, ఇద్దరికీ ఒకటే!" అని.

అప్పటికే సెన్‌కు పట్నంలో నగల కొట్టువాళ్ళ సంబంధం ఖాయమయ్యింది. దాన్ని వద్దనుకుని లువాన్‌ను చేసుకుంది. ఆ చరణం కోసం చేసుకుంది.

పెళ్ళయ్యాక లువాన్ మళ్ళీ తిన్ వాన్ అవ్వ పద్యాల జోలికి పోలేదు. పొట్టకూటికి కత్తిరిస్తాడు, అంతే. అక్షరాల వంపులు చూస్తాడు గానీ మాటలు చూడడు. మిఠాయి కొట్టువాడు లడ్డూ వంక చూడనట్టు అనుకునేరు, అది కాదు. అప్పులవాడి వీధిలోంచి తల దించుకుని పోతామే, అలాగ.

అవ్వకు పిల్లల్లేరు కాబట్టి తద్దినం ఊరే పెడుతుంది. ఆ రోజున చెంప మీద చరణం పడినవాడే నలుగురి ముందు పద్యం చదవాలి. పేరున్న జంట కాబట్టి అది లువాన్‌కే ఖాయమైపోయింది. ఏటా ఆ పొద్దున అద్దం ముందు నిలబడి కుంచె తీసేవాడు. వానొస్తుందేమోనని ఆకాశం చూసుకుంటూ, చెమట పడుతుందేమోనని విసురుకుంటూ, బట్టీపట్టిన ఒకే ఒక్క పద్యం గడగడ చదివేసి కూర్చునేవాడు. అందరూ బాగుందనేవారు. వరాల తల్లి ముందు దొంగ ముడుపు కట్టినట్టు ఆ రాత్రి తిన్నది అరిగేది కాదు.

అలా ఏళ్ళు గడిచాక సెన్ కళ్ళకు పొర కమ్మింది. దారి తెలుస్తుంది, మనిషి నీడ తెలుస్తుంది, అక్షరం మాత్రం తెలియదు. కుట్టడానికి వేళ్ళకు కళ్ళతో పనిలేదు. కానీ కుడుతూ కుడుతూ గిడుగు ఎండకెత్తి ఓ పద్యం చదువుకోవడం ఆమెకు అన్నం లాంటిది. అది పోయింది.

"ఏమయ్యా, నువ్వు చదివి పెట్టకూడదూ?" అంది ఒక మధ్యాహ్నం. "నీకు అవ్వ అంటే అంత ఇదాయె. ఎప్పుడూ నోరు విప్పి నాలుగు పద్యాలు వినిపించిన పాపాన పోలేదు."

"గొంతు బాగాలేదే."

"నిన్న పక్కింటివాళ్ళ బాతుల్ని తోలినప్పుడు బాగానే ఉందిగా?"

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో..."

"నెత్తి మీద ఉంది. గుడ్డిదాన్ని నాకే కనబడుతోంది."

ఇక తప్పక అవ్వ పద్యాల పుస్తకం తెరిచాడు. చదివాడు.

సెన్ సూది ఆపింది. "అది పద్యం. కరెంటు బిల్లు కాదు. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాడు. మూడో పద్యమో నాలుగో పద్యమో గుర్తులేదు గానీ, ఒక దగ్గర నాలుక ఆగిపోయింది.

'వాన వెలిసింది. చూరు మాత్రం ఇంకా ఏడుస్తోంది,
ఊరుకోమ్మా అని చెప్పేవాళ్ళు లేక.'

తన చేత్తోనే ఎన్నిసార్లు కత్తిరించాడో ఈ రెండు చరణాల్ని! చూరు అనే మాటలో తోక కత్తిరించడం కష్టమని తిట్టుకున్నాడు కూడా. ఇప్పుడు బయట నిజంగానే వాన వెలిసి చూరు కారుతోంది. లువాన్ చూరు వంక చూశాడు, పుస్తకం వంక చూశాడు, మళ్ళీ చూరు వంక చూశాడు. ఇంతకాలం దాని కిందే కాపురం ఉండి, అది ఏడుస్తోందని తనకెవరూ చెప్పలేదే!

"ఆపావేం?" అంది సెన్.

"ఏం లేదు. అక్షరం అలుక్కుపోయింది."

ఆ రోజు నుంచి మన లువాన్ పని చెడింది. ఆకు పలక మీద పెట్టి రెండో చేత్తో పుస్తకం పట్టుకుంటాడు. ఆకు మాడి వాసనొస్తుంది. సెన్ లోపల్నించి "ఏం కాలుతోంది?" అంటే "బొగ్గే" అంటాడు. దారిన పోతూ తనలో తనే నవ్వుకుంటాడు. గట్టు మీద బాతును చూసి, బాతు గురించి అవ్వ అన్నమాట గుర్తొచ్చి, ఆ బాతుకు దారిచ్చి పక్కకు తప్పుకుంటాడు. ఒక పద్యంలో అవ్వ అంటుంది: 'అద్దం ముందు సిగ్గేసి తల తిప్పుకోబోయాను. లోపలామె మర్యాదస్థురాలు, నేను తిప్పేదాకా ఆగింది.' అది చదివి పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వు మధ్యలో గప్పున ఆగాడు. తన అద్దం గుర్తొచ్చింది.

ప్రేమ పెరిగేకొద్దీ సిగ్గు కూడా పెరిగింది. ఇంత గొప్పదా ఇది! ఇలాంటిది ఒకటి వచ్చి చెంప మీద నిలిస్తే ఆ పిల్లకు ఎలా ఉండి ఉంటుందో ఆ రోజు! అందుకేగా నిండు కడవలా నడిచింది. తను చేసిందేమిటి? బస్తా మీద వ్యాపారి గుర్తు వేసినట్టు వేసుకుని వచ్చాడు. 

సరే, ఇప్పుడైనా నిజంగా పడుతుందేమోనని ఆశ పుట్టింది. మిట్టమధ్యాహ్నం గిడుగు పెట్టుకుని గట్టు మీద నిలబడేవాడు. చెంప మాడేది గానీ అక్షరం పడేది కాదు.

"ఏం మరిదీ, ఎండు చేపల రేటు పెరిగిందా, నువ్వే ఎండుతున్నావు?" అని పడవలోంచి మువోయ్ వదిన.

"గాలి కోసం వదినా."

"గాలి నీడలో కూడా ఉంటుంది నాయనా."

అవ్వ తద్దినం రోజు రానే వచ్చింది. లువాన్ అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఈసారి రాసుకోనే రాసుకోను అని ఒట్టు పెట్టుకున్నాడు. అవ్వకు ఇంకోసారి అన్యాయం చెయ్యను అనుకున్నాడు. ఇంతలో లోపల్నించి సెన్ అంది, "ఏమయ్యా, నేనీ ఏడు చూడలేను. మువోయ్ వదినను చదివి చెప్పమంటాలే. నీకెప్పుడూ అదేగా పడేది, మనది."

'మనది' అన్న ఆ ఒక్క మాటకు లువాన్ కుంచె తీశాడు.

ఊరి మందిరం ముంగిట్లో జనం కూర్చున్నారు. బంకన్నం, ఉడికించిన కోడి, చేపల ఊట గిన్నెలు అవ్వ పీఠం ముందు పెట్టారు. ఊరి పెద్ద ఖాన్ తాత లువాన్ చెంప చూసి తల పంకించాడు. మువోయ్ వదిన సెన్ చెవిలో, "అదేనమ్మా, రెండు గట్లూను," అంది. సెన్ ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది.

లువాన్ చదవడానికి లేచాడు. బట్టీపట్టిన పద్యం చదివేసి కూర్చుంటే సరిపోను. ఏళ్ళ తరబడి అదేగా చేశాడు, పొడి కళ్ళతో. కానీ నోరు తెరిచేసరికి వచ్చింది చూరు పద్యం. దాన్ని ప్రేమించాడు కదా, అది ఆగదు. 'ఊరుకోమ్మా అని చెప్పేవాళ్ళు లేక' దగ్గరకు వచ్చేసరికి చదవడం ఆపేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామనుకునే లోపే జారాయి. ఒక చుక్క చెంప మీద పడి, మొదటి గట్టు మీదుగా దిగి, రెండో గట్టును కూడా ముంచేసి, నల్లగా గడ్డం దాకా కారింది. తెల్ల చొక్కా మీద చుక్కలు చుక్కలుగా పడింది.

ముఖం కడిగినా పోని చరణం కారిపోవడం లా థుయ్‌లో ఎవరూ చూడలేదు. చూశాక వివరించి చెప్పాల్సిన పని కూడా ఎవరికీ లేకపోయింది.

ఎవరైనా తిడితే బాగుండును. తిట్టలేదు. ఖాన్ తాత తన చేతిగుడ్డ తీసి ఇచ్చాడు. ఎవరో బంకన్నం పొట్లం ముందుగా అతని చేతిలోనే పెట్టారు. అందరూ మర్యాదగా ఉన్నారు. అంతకంటే చావు ఉండదు.

"ఎందుకాపాడు?" అంది సెన్. పక్కకు తిరిగి, "వదినా, నిన్నే. ఎందుకాపాడు?"

"చెమట తుడుచుకుంటున్నాడమ్మా."

"చెమటైతే నువ్వింత మెల్లగా చెప్పవు."

సెన్ లేచి, తడుముకుంటూ వచ్చి, లువాన్ చెంప మీద వేలు పెట్టి రాసింది. ఆ వేలు తన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. సిరా కత్తిరింపుల ఇంటి కోడలు, సిరా వాసన తెలియకపోదు కదా.

"రేవు మెట్ల దగ్గరిదీ?" అంది.

"అదీ," అన్నాడు లువాన్.

ఆ తర్వాత సెన్ అతనితో మాట్లాడలేదు. ఇంట్లో పని ఆగలేదు. అన్నం వండేది, పెట్టేది. మాట మాత్రం గోడతోనే. "ఇక్కడెవరైనా ఉంటే చట్రానికి చువ్వ వంచి పెట్టాలి" అనేది గోడతో. లువాన్ వంచి పెట్టేవాడు. "బొగ్గులైపోయాయని ఎవరికైనా తెలుసో లేదో" అనేది పిల్లితో. లువాన్ బొగ్గులు తెచ్చేవాడు. మధ్యాహ్నం పూట ఆమె కుడుతుంటే, ఎవరూ అడక్కపోయినా, పలక దగ్గర కూర్చుని పద్యాలు పైకే చదివేవాడు. చదవొద్దని ఆమె అనలేదు. ఇంకోటి చదవమనీ అనలేదు. వీధిలోకి వెళ్తే జనం ఎప్పట్లాగే పలకరిస్తారు. కాకపోతే వాళ్ళ చూపు చెంప దాకా వచ్చి చటుక్కున ఆగి, చెవి మీదుగా అవతలికి పోతుంది. పిల్లలక్కూడా తల్లులు నేర్పినట్టున్నారు.

ఒకరోజు పొద్దెక్కాక సెన్ కుట్టిన గిడుగులు పడవకు వెయ్యడానికి రేవుకు వెళ్ళింది. లువాన్ వెనక వసారాలో ఆకుల పనిలో ఉన్నాడు. చాలాసేపటికి ఆమె వచ్చి అతని ముందు నిలబడింది. గిడుగు తీసి చేత్తో పట్టుకుంది. కుడి చెంప అతని వైపు తిప్పింది.

"ఏదో పడినట్టుంది," అంది. గోడతో కాదు, అతనితోనే. "నాకు కనబడదు. చదివి చెప్పు."

లువాన్ చూశాడు. అక్షరాలు ఎండలో రావి ఆకు నీడలా స్పష్టంగా ఉన్నాయి.

'ఎన్నాళ్ళని వేలాడతావు ఎండు చేపలా ఆ చూరుకి?
రేవులో నీళ్ళు పెరిగాయి. మూట కట్టుకో, అక్కా.'

పలక మీద ఆకు మాడిపోతోంది. లువాన్ తియ్యలేదు. పడిన చరణాన్ని పొద్దుగూకేలోగా పాటించాలి. అవతలి ఒడ్డున సెన్‌కు చెల్లెలుంది. ఎప్పుడూ రమ్మంటుంది.

ఆమెకు కనబడదు. 'ఊరుకోమ్మా' అని చదివితే సరి. కాదూ, అబద్ధం ఆడక్కర్లేకుండానే మరో దారి ఉంది. ఈ పద్యం అతనికి కంఠతా వచ్చు. దీని తర్వాత చరణం ఒకటుంది: 'వాన తగ్గనీ అంది అక్క. పొయ్యి మీద అన్నం ఉంది.' అది కూడా అవ్వ మాటే. కలిపి చదివితే తప్పేముంది? పద్యం పూర్తి చేసినట్టే కదా! నాలుక చివరికొచ్చింది ఆ మాట.

లువాన్ పుస్తకం చదివినట్టు కాకుండా, కరెంటు బిల్లులా అసలే కాకుండా, ఒక్కో మాటనూ రెండు చేతులతో అందించినట్టు చదివాడు. ఎండు చేప దగ్గర అవ్వ వెటకారం వినబడింది. మూట కట్టుకో అన్నచోట అవ్వ జాలి వినబడింది. 'అక్కా' దగ్గర ఆపేశాడు.

సెన్ కదలకుండా విన్నది.

"తర్వాత ఇంకో చరణం ఉండాలే?"

"ఉంది. కానీ అది నీ చెంప మీద పడలేదు."

ఆకు పూర్తిగా మాడి పొగ వచ్చింది.

"రేవులోనే మువోయ్ వదిన చదివి చెప్పింది," అంది సెన్. "నువ్వు వెనక ఆకులు రుద్దుతుంటే వచ్చి మూట కట్టాను. పడవలో పెట్టొచ్చాను. ఇక్కడికొచ్చి నిలబడ్డాను. నువ్వు ఒక్క మాట అటూ ఇటూ చేసినా, ఒక్క మాట కలిపినా, ఎక్కేసేదాన్ని."

లువాన్ పలక మీద మాడిన ఆకును గీకి కింద పడేశాడు.

"అవ్వ మూట కట్టుకోమంది, కట్టుకున్నాను. ఎక్కమని అయితే అనలేదు," అంది సెన్. "ఇదంతా క్షమించడం అనుకునేవు. అది నాకింకా పడలేదు. పడినప్పుడు చూద్దాం. ముందు వెళ్ళి ఆ మూట తీసుకురా. పడవ కదిలే వేళయింది."

లువాన్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. మువోయ్ వదిన గడ వేసి పడవను ఆపి ఉంచింది. ఎక్కినవాళ్ళు గొణుక్కుంటున్నారు.

"వచ్చావా? నీ పెళ్ళాం కోసం అనుకుని వీళ్ళందర్నీ ఎండలో కూర్చోబెట్టాను," అంది. తర్వాత గొంతు తగ్గించి, "సరిగ్గా చదివావన్నమాట," అంది.

"చదివాను వదినా."

"ఇదుగో, పట్టుకో."

తేలిగ్గా ఉంటుందనుకున్నాడు. మొగుణ్ణి పరీక్షించడానికి కట్టిన మూటలో ఏముంటుంది, రెండు జతల బట్టలు తప్ప? ఎత్తబోతే నడుం వంగింది. చలికాలం దుప్పటి, సూదుల డబ్బా, వాళ్ళమ్మ ఫొటో చట్రం, అన్నీ చేతికి తగులుతున్నాయి. దాన్ని నెత్తి మీద పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఊరి నడివీధిలోంచి వచ్చాడు. అరుగుల మీదివాళ్ళు మాటలాపి చూశారు. ఈసారి ఎవరూ చూపు పక్కకు తిప్పుకోలేదు.

గుమ్మంలో దించబోతుంటే లోపల్నించి సెన్ అంది, "నెమ్మది. అడుగున అన్నం తినే గిన్నె ఉంది, పగిలేను."

లువాన్ మూటను మెల్లగా నేల మీద ఆనించాడు. చెయ్యి ఇంకా ముడి మీదే ఉంది.

"గిన్నె ఒకటేనా?" అన్నాడు.

"ఒకటే," అంది సెన్.